తండ్రి పోయిన కుర్రాడి చేతికి ఏ పుస్తకం ఇవ్వాలి?

మీరు అడిగింది ఇదీ: మీ బావగారు పోయి ఏడాది కావస్తోంది. మేనల్లుడికి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో మానేసి ఏదైనా షాపులో పనికి కుదురుతానంటున్నాడు. మీరు కొనిచ్చిన రెండు వ్యక్తిత్వ వికాసం పుస్తకాలూ తెరవకుండానే అటకెక్కించాడు. కష్టాల్లో పెరిగి పెద్దయిన పిల్లల గురించి, చదివితే గుర్తుండిపోయే పుస్తకాలు చెప్పమన్నారు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం చూసుకుని రిటైరైనవాణ్ణి. సాహిత్య విమర్శ నాకు రాదు. ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్ళారు, ఎన్నాళ్ళు ఉంచుకున్నారు, తిరిగిచ్చేటప్పుడు మొహం ఎలా పెట్టారు, ఇవి మాత్రం తెలుసు. పుస్తకం వెనక్కి రాగానే పేజీల అంచులు చూడటం నాకు అలవాటు. చేతి మకిలి ఎక్కడ ఎక్కువ అంటితే అక్కడ ఆగి చదివారన్నమాట. ఆ లెక్కన చెబుతున్నాను.

ముందు ఒక మాట. ఆ రెండూ అటకెక్కించినందుకు మీవాణ్ణి ఏమీ అనకండి. ఆ తరహా పుస్తకాల్లో కష్టం మొదటి మూడు పేజీల్లో అయిపోతుంది, మిగతా రెండొందల పేజీలూ గెలుపు. ఇంట్లో మనిషి పోయిన పిల్లవాడు ఇంకా ఆ మూడు పేజీల్లోనే ఉన్నాడు. వాడికి కావలసింది అక్కడ తీరిగ్గా కూర్చునే రచయిత.

అందుకే నేనైతే రష్యన్ రచయిత గోర్కీ ఆత్మకథలో మొదటి భాగం 'నా బాల్యం' ఇస్తాను. సోవియట్ రోజుల్లో తెలుగులో అచ్చై, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన పుస్తకాల్లో అదొకటి. మొదటి పేజీలోనే తండ్రి శవం. చీకటిగా ఉన్న గదిలో, కిటికీ కింద, నేల మీద తెల్లబట్టల్లో పడుకోబెట్టి ఉంటాడు. ఎప్పుడూ నవ్వే ఆ కళ్ళ మీద నల్లబడిన రాగి నాణేలు పెట్టి ఉంటాయి. కలరాతో పోయాడు. ఆ తర్వాత శ్మశానం, వాన. తవ్విన గోతిలో నీళ్ళు ఊరాయి, అందులో కప్పలు. రెండు కప్పలు అప్పటికే శవపేటిక పసుపుపచ్చ మూత మీదికి ఎక్కి కూర్చున్నాయి. మట్టి కప్పేస్తుంటే ఆ పిల్లవాడి చూపంతా వాటి మీదే. దారిలో అమ్మమ్మను అడుగుతాడు, ఆ కప్పలు బయటికి రాగలవా అని. రాలేవు నాయనా, అంటుంది ఆవిడ. తండ్రి గురించి మాత్రం ఏమీ అడగడు.

మా లైబ్రరీ కాపీలో అన్నిటికంటే మకిలిగా ఉన్నవి ఈ పేజీలే.

ఒక అబ్బాయి, దాదాపు మీవాడి వయసువాడే, ఈ పుస్తకం నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చాడు. మామూలుగా ఆ పిల్లలు లైబ్రరీకి వచ్చేది ఫ్యాను కిందో, పేపర్లో ఉద్యోగ ప్రకటనల కోసమో. బీరువాల వైపు వచ్చేది తక్కువ. వీడు పుస్తకం నా బల్ల మీద పెట్టి, "కప్పలు, సార్" అన్నాడు. నేను మాట్లాడలేదు. కాసేపటికి వాడే చెప్పాడు. వాళ్ళ నాన్న పోయిన రోజు సాయంత్రం ఇంటి ముందు షామియానా వాడి ప్లాస్టిక్ కుర్చీలు ఉండిపోయాయట. వాటిని పదేపదే లెక్కపెట్టాడట. యాభై తెచ్చారు, నలభై ఏడే ఉన్నాయి, ఆ మూడింటికి డబ్బు మనమే కట్టాలేమో అని ఒకటే టెన్షన్. ఏడుపు రాలేదట. అందరూ ఏడుస్తుంటే తనకెందుకు రాలేదో ఇన్నాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు. రష్యాలో ఎవరో పిల్లవాడు కప్పల గురించి దిగులుపడ్డాడని చదివాక నాతో చెప్పగలిగాడు.

పుస్తకం చేసే పని ఇంతే అనుకుంటాను. ఇంతకంటే ఎక్కువ ఆశించి ఇస్తే ఆ ఆశ మన మొహంలో కనిపిస్తుంది, పిల్లలు పుస్తకం ముట్టుకోరు.

'నా బాల్యం'లో ఇంకో ఘట్టం చెప్పాలి, ఎందుకంటే మిగతా పుస్తకాలన్నీ నేను దాని వెలుగులోనే చూస్తాను. తాత కాషీరిన్‌కు బట్టలకు రంగులద్దే కార్ఖానా ఉంటుంది. గోర్కీ అసలు పేరు అలెక్సేయ్ పేష్కోవ్. ఆ చిన్న అలెక్సేయ్‌కి రంగు తొట్లంటే మోజు. ఇంకో మనవడు ఎగదోస్తే, పండగలకు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ తీసుకెళ్ళి నీలం తొట్టిలో ముంచుతాడు. శనివారం తాత బెత్తం తీస్తాడు. ఆ ఇంట్లో శనివారం శనివారం పిల్లలకు దెబ్బలు పడాల్సిందే. పిల్లవాడు తాతను కరుస్తాడు. తాతకు పిచ్చికోపం వచ్చి స్పృహ తప్పేదాకా కొడతాడు. ఆ కొట్టేటప్పుడు సిగనోక్ అనే పనివాడు, గేటు దగ్గర ఎవరో వదిలేసి పోతే ఆ ఇంట్లోనే పెరిగిన కుర్రాడు, బెత్తానికి అడ్డంగా తన చెయ్యి పెడతాడు. బెత్తం విరుగుతుందని, తాత ఇంకోటి తెచ్చుకునేలోగా పిల్లవాణ్ణి తీసుకుపోవచ్చని వాడి లెక్క. విరగలేదు. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, చొక్కా చెయ్యి పైకి లాగి, ఎర్రగా వాచిన వాతలు చూపిస్తాడు. చూపించి ఊరుకోడు, ఈసారి దెబ్బలు పడేటప్పుడు ఒళ్ళు బిగబట్టకు, వదులుగా వదిలెయ్, గట్టిగా కేకలు పెట్టు అని నేర్పుతాడు.

ఓదార్పు అంటే నాకు ఆ దృశ్యమే గుర్తొస్తుంది. ఇక దెబ్బలు పడవని సిగనోక్ అబద్ధం చెప్పడు.

ఆ తర్వాత ఏమవుతుందో తెలుసా? ఒకరోజు బరువైన ఓక్ కర్ర శిలువను మేనమామలిద్దరూ, వాడూ కలిసి సమాధి దగ్గరికి మోసుకెళ్తుంటే వాడు తూలి పడతాడు. మామలు శిలువ వదిలేస్తారు. అది మీద పడి చచ్చిపోతాడు. గోర్కీ దాన్ని ఎక్కడా మెత్తబరచలేదు.

కష్టాలు మనిషిని తీర్చిదిద్దుతాయని చాలామంది అంటారు. పుస్తకాలు పంచీ పంచీ నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. కష్టం నలిపేసి వదిలిన పిల్లలు లెక్కలేనంత మంది. వాళ్ళు ఆత్మకథలు రాయలేదు కాబట్టి మనకు కనబడరు. రాసినవాళ్ళ పుస్తకాలు పట్టి చూస్తే, ఎక్కడో ఒకచోట ఎవరో బెత్తానికి చెయ్యి అడ్డం పెట్టి ఉంటారు. నేను పుస్తకంలో ఆ చెయ్యి కోసం వెతుకుతాను.

గోర్కీ తాత సంగతీ అంతే, ఒక రంగులో ఉండడు. అంత కొట్టినవాడు, పిల్లవాడు జ్వరంతో పడుకున్నప్పుడు వస్తాడు. తీపిరొట్టెతో చేసిన మేకబొమ్మ, ఒక ఆపిల్, కాసిని ఎండుద్రాక్షలు తలగడ మీద పెట్టి, తాను కుర్రతనంలో వోల్గా గట్టున నడుస్తూ పడవల్ని తాళ్ళతో లాగిన రోజులు చెబుతాడు. చివర్లో తల్లి కూడా పోయాక, నిన్ను మెడలో వేలాడదీసుకు తిరగడానికి నువ్వేమైనా పతకానివా, పోయి జనంలో బతుకు అని పంపేసేదీ ఆయనే. పిల్లవాడికి అప్పటికి పదకొండేళ్ళు. పుస్తకం అక్కడ ఆగుతుంది.

ఈ ఆత్మకథ రెండో భాగంలో స్టీమరు మీద గిన్నెలు తోముతుంటే స్మూరీ అనే వంటవాడు తగులుతాడు. భారీ మనిషి, కోపిష్టి. పెట్టెనిండా పుస్తకాలు. కుర్రాణ్ణి పని మాన్పించి మరీ చదివించుకుని వింటాడు. మీవాడు షాపులో చేరతానంటున్నాడు కాబట్టి ఈ భాగం వాడికి బాగా పడుతుంది. మూడో భాగం మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. కజాన్‌లో యూనివర్సిటీలో చేరాలని పోయి, సీటు సంగతి దేవుడెరుగు, రొట్టెల బట్టీలో పని చేసిన రోజులవి. పందొమ్మిదేళ్ళప్పుడు గోర్కీ తనను తాను తుపాకీతో కాల్చుకున్నాడు. బతికాడు. ఆ ప్రస్తావన ఆ భాగంలో ఉంది. ఏడాది కింద తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు దాన్ని ఒంటరిగా చదవకూడదు.

లావు పుస్తకం చూసి మీవాడు జడిసేటట్టయితే కిర్గిజ్ రచయిత ఐత్మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు' ఇవ్వండి. ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. కిర్గిజ్ దేశంలో కుర్కురేవు అనే పల్లె, 1924. ద్యూషేన్ అనే యువకుడు వచ్చి బడి పెడతానంటాడు. తనకే చదువు అంతంత మాత్రం, కూడబలుక్కుని చదువుతాడు. పాత గుర్రాలశాలను తానే బాగుచేసుకుని బడి తెరుస్తాడు. చలికాలంలో గడ్డకట్టే వాగు దాటించడానికి పిల్లల్ని వీపు మీదా చేతుల్లోనూ మోస్తాడు, పక్కన గుర్రాల మీద పోయే ఆసాములు చూసి నవ్వుతుంటే. ఆల్తినాయ్ అనే అనాథపిల్ల పిన్ని ఇంట్లో వెట్టిచాకిరీ చేస్తూ, పిడకల బస్తా మోసుకుపోతూ ఆ బడి ముందు ఆగుతుంది. ఆ పిల్లను పిన్ని ఒకడికి రెండో పెళ్ళాంగా అమ్మేస్తుంది. వాళ్ళు గుర్రాల మీద బడికే వచ్చి ఎత్తుకుపోతుంటే ద్యూషేన్ అడ్డం నిలబడతాడు. చితకబాది చెయ్యి విరగ్గొడతారు. మూడో రోజు తలకీ చేతికీ కట్లతో, ఇద్దరు మిలీషియా వాళ్ళను, అంటే అక్కడి పోలీసులను, వెంటబెట్టుకుని వచ్చి విడిపిస్తాడు. ఆ పిల్లను తాష్కెంట్ పంపి చదివిస్తాడు.

ఇక్కడా చెయ్యే. ఇది నేను కల్పించి అతికించింది కాదు, రెండు పుస్తకాలూ చదివి చూడండి.

కానీ నాకు ఈ కథలో అంతకంటే పదునుగా తగిలేది మొదలు. ఆల్తినాయ్ ఇప్పుడు అకడమీషియన్, అంటే పేరున్న విద్వాంసురాలు, పెద్దావిడ. ఊళ్ళో కొత్త బడి ప్రారంభానికి పిలిస్తే వచ్చి పెద్దపీట మీద కూర్చుంటుంది. విందు జరుగుతుంటే అభినందన టెలిగ్రాములు వస్తాయి. తెచ్చిన ముసలి పోస్ట్‌మాన్ గుర్రం దిగకుండానే వెళ్ళిపోతాడు, ఇంకా పంచాల్సిన ఉత్తరాలున్నాయని. అతనే ద్యూషేన్. లోపల వాళ్ళు ఆయన పాఠాల గురించి జోకులేసుకుంటుంటారు. ఆవిడ తలెత్తుకోలేక ఆ రోజే మాస్కో వెళ్ళిపోతుంది. ఎదిగి ఎక్కడికో పోయినవాళ్ళు వెనక ఎవర్ని మర్చిపోయారో లెక్క అడిగే పుస్తకం ఇది.

ఐత్మాతోవ్ గురించి కూడా మీవాడికి ఒక మాట చెప్పొచ్చు. ఆయన తండ్రిని స్టాలిన్ కాలంలో 1938లో చంపేశారు, అప్పటికి ఈయనకు తొమ్మిదేళ్ళు. యుద్ధకాలంలో పద్నాలుగేళ్ళకే ఊరి సోవియట్‌కు, అంటే మన పంచాయతీ లాంటిదానికి, కార్యదర్శి అయ్యాడు. మగవాళ్ళంతా యుద్ధంలో ఉంటే పిల్లలే అన్నీ చూడాలి. చనిపోయినవాళ్ళ కబురు కాగితాలు ఇల్లిల్లూ తిరిగి ఇవ్వడం కూడా ఆ పిల్లవాడి పనే.

చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళే లేకపోతే? అప్పుడు 'పథేర్ పాంచాలి'. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1929లో పుస్తకంగా తెచ్చిన బెంగాలీ నవల. మనవాళ్ళలో చాలామందికి సత్యజిత్ రాయ్ సినిమాగానే తెలుసు. సినిమా గొప్పదే, కాదనను. కానీ నవల్లో ఒక చిన్న వస్తువు ఉంది, దాని కోసం చదివి తీరాలి.

కథలో పిల్లవాడు అపు. వాడి అక్క దుర్గ తోటల్లో పడి పళ్ళు ఏరుకునే పిల్ల. పక్కింటి వాళ్ళ బంగారపు కుంకుమ భరిణె పోతే ఈ పిల్ల మీద పడతారు. పట్టుకుని కొడతారు. తీయలేదంటుంది దుర్గ. తర్వాత జ్వరం వచ్చి పోతుంది. నాకు నయమయ్యాక రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడిగిన పిల్ల, చూడకుండానే పోతుంది. కొన్నాళ్ళకు ఆ కుటుంబం ఊరు వదిలి కాశీకి బయల్దేరుతుంది. సామాను సర్దుతుంటే ఎత్తున ఎక్కడో పెట్టిన పాత్రలోంచి ఆ భరిణె దొర్లుతుంది. అపు చేతిలోకి తీసుకుని చూస్తాడు. అంటే అక్క తీసింది. ఎవరికీ చెప్పడు. వెదురుపొద వైపు పరుగెత్తి, గుబురులోకి దూరంగా విసిరేస్తాడు. సినిమాలో అది దండ, చెరువులో పడుతుంది.

ఇంకెవరికీ తెలియకూడని ఒక సంగతిని మోసే బాధ్యత మీద పడ్డ క్షణంలో ఆ పిల్లవాడు పెద్దవాడయ్యాడని నాకనిపిస్తుంది. దుర్గ బతికుండగా చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళు లేరు. పోయాక తమ్ముడు పెట్టాడు.

దీని తరువాయి 'అపరాజితో'లో ఇంకో ఘట్టం ఉంది. దాన్ని పిల్లలకు ఇవ్వడానికి నేను మొదట్లో భయపడేవాణ్ణి. తల్లి చనిపోయిన కబురు విన్నప్పుడు అపుకు ముందు కలిగేది దుఃఖం కాదు, బంధం తెగినట్టు ఒక విడుదల, ఒక రకమైన సంతోషం. మరుక్షణం తనకే భయం వేస్తుంది, నేనేమైపోయాను అని. మంచంలో నెలల తరబడి ఉన్న మనిషి పోతే ఇంట్లోవాళ్ళ మనసులో ఇలాంటిది మెదలడం మనకు తెలియనిదా? పెద్దవాళ్ళం దిగమింగుతాం. పిల్లలు మాత్రం తామే పాపం చేశామనుకుని కుంగిపోతారు. మీ బావగారిది ఎలాంటి మరణమో మీరు రాయలేదు. చాలాకాలం జబ్బు చేసి పోయినట్టయితే ఈ పుస్తకం వాడికి మనిద్దరికంటే ఎక్కువ సాయం చేస్తుంది.

ఇక మన తెలుగు పుస్తకాలు. మీరు ఆంధ్రానో తెలంగాణనో చెప్పలేదు కాబట్టి రెండువైపులవీ చెబుతాను.

మీవాడికి ఇప్పుడే, ఈ వారంలోనే ఇవ్వదగ్గది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది, తర్వాత సినిమాగా కూడా తీశారు. కడప వైపు కరువొచ్చి మేత, నీళ్ళు దొరకనప్పుడు గొర్రెల కాపరులు మందల్ని నల్లమలకు తోలుకెళ్ళి వారాల తరబడి అడవిలోనే ఉంటారు, దాన్నే కొండపొలం అంటారు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూల్లో ఓడి, నోరు పెగలక, నలుగురిలో తలెత్తుకోలేక ఇంటికొచ్చిన బీటెక్ కుర్రాడు తండ్రి వెంట ఆ మందతో పోతాడు. పులి భయం, దప్పిక, రాత్రిళ్ళు నిద్ర కాచుకోవడం. చదువుకున్న కొడుక్కు తెలియనివి ఏమీ చదువుకోని తండ్రికి ఎన్ని తెలుసో ఒక్కొక్కటిగా బయటపడుతుంటాయి. చివరికి ఆ కుర్రాడు అడవిశాఖ ఉద్యోగం వైపే వెళ్తాడు. ఆ చివర నాకు కొంచెం సాఫీగా అయిపోయినట్టు అనిపించింది, పులి ఎదురైన కుర్రాడికి ఇంటర్వ్యూ బోర్డు ఒక లెక్కా అన్నట్టు. అయినా తండ్రీకొడుకులు పక్కపక్కన నడిచే ఆ పేజీలకు సాటి లేదు. మీవాడికి అవి నొప్పి కలిగిస్తాయి కూడా. కలగనివ్వండి.

టంగుటూరి ప్రకాశం పంతులు 'నా జీవిత యాత్ర'ను అందరూ రాజకీయాల కోసం చదువుతారు. మీరు మొదటి భాగం తొలి అధ్యాయాలు మాత్రం చదివించండి. పదకొండేళ్ళకు తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళిల్లు పెట్టి పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలు లేక, బావగారిని అడుగుదామని కాళ్ళీడ్చుకుంటూ అంత దూరం నడిచివెళ్ళి వట్టి చేతులతో తిరిగొస్తాడు. తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి కడుతుంది. ఆ తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్తారు. ఈ కుర్రాడు బుద్ధిమంతుడేం కాదు. నాటకాల్లో ఆడవేషాలు, అల్లరి సావాసాలు, అన్నీ ఉన్నాయి, ఏదీ దాచుకోలేదు. మన పిల్లలకు విగ్రహంగా మాత్రమే తెలిసిన ఆంధ్రకేసరి మూడు రూపాయల కోసం తిరగడం చదివితే వాళ్ళ మొహం మారిపోవడం నేను చూశాను.

వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తెలుగులోకి పి. సత్యవతి తెచ్చారు. అప్పటి కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి బయల్దేరిన మాదిగ కుటుంబం. ముత్తాత తాను కుట్టిన చెప్పులు నిజాంకు కానుకిస్తే ఆయన యాభై ఎకరాలిచ్చాడు. ఊరి దొర అందులో రెండెకరాలు మాత్రం వదిలి మిగతాది లాక్కున్నాడు. ఆ తర్వాతి తరం రైల్వేలో చేరింది. దొర పెట్టే తిండిగింజల మీద కాక నెలజీతం మీద బతికే మొదటి అవకాశం అదే. బాలయ్య స్టేషన్ స్టేషన్‌కీ బదిలీ అవుతూ పిల్లల చదువు ఆగకుండా చూసుకున్న తీరే పుస్తకమంతా. ఇందులో పెద్ద మలుపులుండవు. రోజువారీ పట్టుదల ఉంటుంది, అది కథ చెప్పినట్టు చెబితే పండదు, చదవాల్సిందే.

దీని పక్కనే పెట్టదగ్గది ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్', హిందీలో 1997. ముజఫర్‌నగర్ జిల్లా బర్లా గ్రామం. చదువుకోవడానికి బడికి వచ్చిన పిల్లవాడి చేతికి హెడ్‌మాస్టర్ చీపురిచ్చి, మీ కులం పని ఇదే కదా అని ఆవరణంతా ఊడవమంటాడు. ఒకరోజు కాదు. మూడో రోజు అటుగా పోతున్న తండ్రి చూసి, కొడుకు చేతిలో చీపురు లాగి పారేసి, బడి దద్దరిల్లేలా కేకలేస్తాడు. మీవాడికి హిందీ రాకపోతే ఇంగ్లీషులో దొరుకుతుంది.

వీటన్నిటి మధ్యా కాస్త నవ్వు కూడా ఉండాలి. నామిని 'పచ్చ నాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' అందుకు. లేమి ఉన్న ఇళ్ళే రెండూ, ఒకటి చిత్తూరు పల్లె, ఒకటి నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు. కానీ ఆ ఇళ్ళల్లో ఎవరూ తమను చూసి జాలిపడమని అడగరు. తిట్లు కూడా రుచిగా ఉంటాయి. మా లైబ్రరీలో ఈ రెండూ ఎప్పుడూ బీరువాలో ఉండేవి కావు, ఒకటైతే తిరిగే రాలేదు.

నా చెయ్యి లెక్క అన్ని పుస్తకాలకూ అతకదు, అదీ ఒప్పుకోవాలి. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'లో ఇందిర ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, సంపాదన లేని జల్సాల తండ్రిని పోషిస్తుంటుంది. ఆమె కోసం ఎవరూ నిలబడరు. ఇందిర ఎదిగిన కొద్దీ మంచిదేం కాదు. గడుసుదవుతుంది, స్వార్థంగా ఉంటుంది, పక్కవాళ్ళ దగ్గర్నుంచి కావలసింది లాక్కుంటుంది. 1950ల చివర్లో ఒక తెలుగు రచయిత్రి అలాంటి అమ్మాయిని తీర్పు చెప్పకుండా రాసింది. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే, ముప్ఫై రెండేళ్ళకే చనిపోయారు. మీవాడు ఏడాది తర్వాత చదివితే చాలు.

మీ అక్కగారికి ఏమైనా ఇవ్వాలా అని మీరు అడగలేదు కానీ, కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' గుర్తొస్తోంది. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ వెంటనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, అజ్ఞాతవాసం, భర్త వదిలేయడం. ముప్ఫై దాటాక పుస్తకాలు పట్టుకుని చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. తొంభై దాటాక, 2012లో ఈ పుస్తకం వచ్చింది. అయితే ఇందులో కన్నబిడ్డలిద్దర్నీ పోగొట్టుకున్న బాధ ఉంది. ఇప్పుడే ఇవ్వాలా, ఆగాలా అన్నది ఆవిణ్ణి రోజూ చూసే మీకే తెలుస్తుంది.

చదువు మానేయడం గురించి నన్ను అడగలేదు, అయినా చెబుతున్నా. ఏ పుస్తకమూ ఆ పని ఆపదు. ప్రకాశం గారి తల్లి చీర తాకట్టు పెట్టాల్సి వచ్చింది, కథలు చెప్పి ఊరుకోలేదు. వాడు షాపులో చేరతానంటున్నది డబ్బు గురించా, కాలేజీలో అందరి చూపులూ తట్టుకోలేకా, ముందు అది కనుక్కోండి. మామయ్యగా అడిగితే చెప్పకపోవచ్చు. బండి మీద ఎక్కడికైనా తీసుకెళ్ళండి, ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు వెనక కూర్చుంటే వస్తాయి. డబ్బే అయితే పనిచేసుకుంటూ ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చు, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.

పుస్తకాలు అన్నీ ఒకేసారి కొనేసి కుప్పపోయకండి. ముందు 'కొండపొలం' ఒక్కటి. వాడి చేతికివ్వకండి, మీరు చదువుతున్నట్టుగా టీవీ దగ్గర వదిలెయ్యండి. చదివాడని తెలిసినా ఎలా ఉందని అడక్కండి. ఎలా ఉందని అడగ్గానే అది హోంవర్క్ అయిపోతుంది.

'నా బాల్యం' పాత తెలుగు కాపీ దొరక్కపోతే నాకు చెప్పండి. చిరిగిపోయిన పుస్తకాలని లైబ్రరీ రికార్డుల్లోంచి కొన్ని తీసేసినప్పుడు ఒకటి కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నాను. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలు బాగా మకిలిగా ఉంటాయి. పోస్టులో పంపిస్తాను.